పలక పడిన చప్పుడు

మా గురువు శరభయ్యగారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ సంగతి తెలిశాక మాలో తెలివైనవాళ్లు అడగడం మానుకున్నారు. నేను వాళ్లలో ఒకణ్ని. పదకొండేళ్లు ఆయన వంటింట్లో గంజి కాచాను, ఒక్క ప్రశ్న వేసి ఎరగను. తవిటినాయుడు అంత తెలివైనవాడు కాదు.

సాలూరు దాటాక కొండల మొదట్లో ఉండేది మా శరణాలయం. నా అన్నవాళ్లు లేని ముసలివాళ్లు వచ్చి, ఉన్నన్నాళ్లు ఉండి, వెళ్లిపోయేవారు. అక్కణ్నుంచి వెళ్లడమంటే ఒక్కటే దారి. వాళ్లకి నీళ్లు పోయడం, మందు తాగించడం, చివరికి మొయ్యడం తవిటినాయుడి పని. ఆ ఎండాకాలం నలభై రోజుల్లో తొమ్మిదిమందిని మోశాడు. తొమ్మిదో మనిషిని సాగనంపి వచ్చిన సాయంత్రం, స్నానం చేసి తడిబట్టలతోనే గురువుగారి ముందు కూలబడ్డాడు.

“గురువుగారూ, ఒక్కో మనిషి పోయినప్పుడల్లా గుండె మీద ఏదో వచ్చి పడుతోంది. ఇంక నావల్ల కాదు. ఆ దెబ్బ తగలకుండా ఈ పని చేసే మార్గం ఏదైనా ఉంటే చెప్పండి. లేదంటే నన్ను ఇంటికి పోనివ్వండి.”

గురువుగారు విసనకర్ర ఆపి అతని మొహం చూశారు. మళ్లీ విసురుకుంటూ, “రేపట్నుంచి ఫోటోలు కూడా నువ్వే తియ్యి” అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని నేను వంటింట్లో అనుకున్నాను.

ఈ దారికి రాకముందు మా గురువుగారు ఫోటోగ్రాఫరు. ఆ రోజుల పెట్టె కెమెరా ఒకటి ఆయన దగ్గర మిగిలింది. నల్లతోలు అంటించిన చెక్కపెట్టె. మూలల్లో తోలు లేచిపోయింది. శరణాలయానికి వచ్చిన ప్రతి మనిషికీ దానితో ఒక ఫోటో తీసి వసారా గోడకి తగిలించడం ఆయన పెట్టుకున్న నియమం. ఎందుకండీ ఈ శ్రమ అని ఎవరైనా అంటే, “ఒక్క గోడైనా వీళ్లని గుర్తుపట్టాలి కదా” అనేవారు. గోడ మీద ఉన్నవాళ్లలో ఇంకా మంచాల మీద మిగిలినవాళ్లు సగం కూడా ఉండేవారు కాదు.

ఆ పెట్టెలో ఆరు పలకలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. వెనకనుంచి ఒక స్ప్రింగు వాటిని ముందుకి నెడుతూ ఉంటుంది. ముందున్న పలక మీద బొమ్మ దిగాక, పైనున్న మీట నొక్కితే ఆ పలక బోర్లా అడుగుకి పడుతుంది, దాని వెనకది ముందుకొచ్చి నిలబడుతుంది. ఒకప్పుడు గాజు పలకలు వాడేవారు. అవి బజారులో దొరకడం మానేశాక గురువుగారు ఫిల్ము కత్తిరించి రేకు తొడుగుల్లో అమర్చేవారు. ఫిల్ము తేలిక, తనంతట తాను పడదు. అందుకని బరువు కోసం ప్రతి ముక్క వెనకా ఒక పాత గాజు పలక పెట్టేవారు. ఆరూ అయ్యేదాకా పెట్టె తెరవకూడదు. లోపల ఏం జరుగుతోందో కంటికి తెలియదు, చెవికే తెలుస్తుంది. గురువుగారు ఇదంతా విప్పి చూపించి, చివరికి ఒక్క మాట చెప్పారు: “మీట నొక్కాక టప్పుమని వినబడాలి. వినబడకుండా రెండో మనిషిని కూచోబెట్టకు.”

తవిటినాయుడు శ్రద్ధ గలవాడు. మొదటి ఆరు ఫోటోలూ చెప్పినట్టే తీశాడు, బాగానే వచ్చాయి. కానీ వాటిని గోడకి తగిలించేలోపే ఆ ఆరుగురిలో ఇద్దరు పోయారు. దాంతో ఆ టప్పుమనే చప్పుడు వింటే అతనికి ఒళ్లు జలదరించడం మొదలైంది. ఎదురుగా మనిషి స్టూలు మీద నవ్వుతూ కూర్చునే ఉంటాడు, పెట్టెలో ఏదో అప్పుడే పడిపోతుంది. ఆ మాట అతనే నాతో అన్నాడు.

రెండోసారి పలకలు ఎక్కించే ముందు, చిరిగిన గొంగళిలోంచి ఒక ముక్క కోసి, మడత పెట్టి, పెట్టె అడుగున పరిచాడు. “గాజు పగలకుండా ఉంటుందన్నా” అన్నాడు నాతో. అంతకుముందు ఒక గాజు బీటలు వారిన మాట నిజమే. కానీ అతను గొంగళి వేసింది గాజు కోసం కాదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. ఫిల్ము లేని పాత పలక ఒకటి నిలబెట్టి మీట నొక్కి చూపించాడు. ఏమీ వినబడలేదు. మంచి పని చేశావన్నాను. తర్వాత జరిగినదాంట్లో నాకూ వాటా ఉంది, అందుకే ఇది చెబుతున్నాను.

ఆ విడతలో నాలుగో ఫోటో అసిరమ్మది. ఇటుక బట్టీల్లో పనిచేసి పనిచేసి చేతులు వంకర్లు పోయిన మనిషి. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు ఉండేవి. ఆమెకి ఈ లోకంలో మిగిలింది ఒక్క చెల్లెలు, పోలమ్మ. ముప్ఫై అయిదేళ్ల కిందట మొగుడి వెంట ఖరగ్‌పూర్ వెళ్లిపోయింది. గురువుగారు వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని ఆచూకీ తీసి ఉత్తరం రాయిస్తే, జవాబు వచ్చింది: మోకాళ్లు సహకరించడం లేదు, ఎలాగో వస్తాను, ఈలోగా అక్క ఫోటో పంపండి. అసిరమ్మ ఆ ఉత్తరాన్ని నాచేత పన్నెండుసార్లు చదివించుకుంది.

ఫోటోకి కూర్చున్నప్పుడు ఆమె తవిటినాయుడికి మరీ మరీ చెప్పింది. “బాబూ, నా గెడ్డం మీద సుక్కలు పడాల. మా సెల్లికీ ఇయ్యే మూడు సుక్కలు. శంబర జాతర్లో ఇద్దరం ఒక్కపాలే పొడిపించుకున్నాం. ఆ సుక్కలు సూస్తేగానీ అది నన్ను పోల్సుకోదు.” ఆ మాట చెప్పి గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. తవిటినాయుడు ఫోటో తీసి మీట నొక్కాడు. చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం అతనికి అప్పటికే అలవాటైపోయింది. తర్వాత, ఒకప్పుడు బండి తోలుకుని బతికిన దాలినాయుణ్ని అదే స్టూలు మీద కూచోబెట్టి తీశాడు. దాలినాయుడు గూనివాడు, మనిషి ఎంత కుంగినా తెల్లటి బుర్రమీసం మాత్రం కుంగలేదు.

ఆరో మనిషి రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఆలోగా మొదట్లో అసిరమ్మ రోజూ పొద్దున్నే వసారాలోకి వచ్చి, “ఏటి బాబూ, నా బొమ్మ వొచ్చిందా?” అని అడిగేది. తర్వాత జ్వరం తగిలి మంచం మీంచే అడిగింది. ఒక మంగళవారం మధ్యాహ్నం అడగలేదు. తవిటినాయుడే మోశాడు. తిరిగి వచ్చి గంజి తాగుతూ, “ఈసారి పెద్దగా ఏమీ అనిపించలేదన్నా” అన్నాడు, మందు పనిచేసినవాడిలా. నాకు భయం వేసింది. కానీ పొయ్యి మీద ఎసరు పొంగుతోంది, లేచి వెళ్లాను.

ఆరో ఫోటో కూడా అయ్యాక గురువుగారు సామాన్లగది కిటికీలకి దుప్పట్లు కట్టి, ఎర్రదీపం పెట్టి పెట్టె తెరిచారు. అడుగున అయిదు పలకలే ఉన్నాయి. ఒకటి ఇంకా నిలబడే ఉంది. లోపలికి పెట్టిన ఆయన చెయ్యి గొంగళి ముక్క తగిలి కాస్త ఆగింది. పలకలు మీద పడి పడి ఆ గుడ్డ ముందుకి జరిగి, ముడత పడి, నాలుగో పలక మొదట్లో అడ్డుగా కూర్చుంది. అసిరమ్మని తీశాక మీట నొక్కినా ఆ పలక పడలేదు, దాలినాయుణ్నీ దాని మీదే తీసి మళ్లీ నొక్కాకే పడింది. ఎవరికీ తెలియలేదు. కడిగి చూస్తే ఒకదాని మీద ఇద్దరున్నారు, ఒకదాని మీద ఎవరూ లేరు.

కాగితం మీదికి తీశాక చూశాం. ఒకే మెడ మీద రెండు తలలు కలిసిపోయాయి. కళ్లు ఎవరివో నొసలు ఎవరిదో చెప్పలేం. సరిగ్గా అసిరమ్మ గడ్డం ఉండాల్సిన చోట దాలినాయుడి తెల్లమీసం పరుచుకుని ఉంది. చుక్కలు లేవు. మర్నాడు తవిటినాయుడు మూట కట్టుకున్నాడు. గురువుగారు వెళ్లొద్దనలేదు, తిట్టలేదు. “పోలమ్మకి ఆ ఫోటో ఇవ్వాల్సింది నువ్వు. ఇచ్చి వెళ్లు” అన్నారు. తిట్టినా బాగుండేదని తవిటినాయుడు నాతో అన్నాడు.

మేం రాసిన చావుకబురు ఆమెకి అందనేలేదు. అతను మూట కట్టుకున్న తొమ్మిదో రోజు పొద్దున పోలమ్మ బస్సు దిగి, కర్ర ఆనించుకుంటూ వచ్చింది. చేతిసంచిలో అక్క కోసం ఒక చుట్టల కట్ట తెచ్చింది. ఆమె గడ్డం మీద మూడు చుక్కలు చూడగానే మాకు పేరు అడగాల్సిన పని లేకపోయింది. తవిటినాయుడే విషయం చెప్పాడు. ఆమె ఏడవలేదు. మెట్టు మీద కూర్చుని మోకాళ్లు రాసుకుంటూ ఉండిపోయింది. అంత దూరం వచ్చిన అలసటకి ఏడుపు కూడా రాలేదనుకుంటాను.

చాలాసేపటికి, “ఫోటో తీసినారంట కదా” అంది.

తవిటినాయుడు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. “తప్పు నాదమ్మా. లోపల పలక పడిందో లేదో వినకుండా ఇంకో మనిషిని తీసేశాను” అన్నాడు.

ఆమె కాగితాన్ని వెలుతురుకి పట్టి చూసింది. “ఈ మీసం ఎవులిది?”

“దాలినాయుడని, ఇక్కడే ఉంటాడు.”

“బతికున్నాడా?”

“ఉన్నాడమ్మా.”

“ఓపాలి పిలు బాబూ” అంది.

దాలినాయుడు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ఎదురుగా పీట వేయించుకుని, ఫోటో ఒళ్లో పెట్టుకుంది. ఒకసారి అతని మొహం చూస్తుంది, ఒకసారి ఫోటో చూస్తుంది. చూసి, బొటనవేలు కాగితం మీద పెట్టి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. “ఈ మీసం నీది. ఈ సెవులు నీయి. ఈ ముక్కు... నీదే. ఈ నొసలు నీది కాదు.” మేమంతా చుట్టూ చేరి చూస్తున్నాం. ఒక్క నిమిషం నోరు మూసుకుని కూర్చోలేని దాలినాయుడు గంటసేపు కదల్లేదు. చివరికి ఆమె వేలు ఒకచోట ఆగింది. “ఈ ఎడం కన్ను మా అక్కది. సిన్నప్పుడు రోకలి తగిలి కొంచెం సిన్నదైపోనాది. నానే కొట్టినాను” అంది. అప్పుడు ఏడ్చింది.

ఏడుపు తగ్గాక, “సుక్కలెక్కడ?” అంది.

“నా మీసం కింద ఉండుంటాయమ్మా” అన్నాడు దాలినాయుడు, తానే ఏదో నేరం చేసినట్టు. ఆమె సంచి విప్పి చుట్టల కట్ట అతని చేతిలో పెట్టింది.

అదంతా చూస్తున్న తవిటినాయుడు స్తంభానికి చేరగిలబడి, అలాగే జారి కూర్చున్నాడు. మోసినవాళ్లలో ఎవరి కోసమూ అంతవరకు అతను ఏడవగా నేను చూడలేదు. అందరికీ కలిపి అప్పుడు ఏడ్చాడు. పక్కనే అతని మూట ఉంది. ఎవరూ ఓదార్చలేదు. గురువుగారు లోపలికి వెళ్లి పెట్టె తెచ్చి అతని ఒళ్లో పెట్టారు. కొత్త పలకలు ఎక్కించి ఉన్నాయి. అడుగున గుడ్డ లేదు.

“ఈవిడని తియ్యి” అన్నారు.

“నాదెందుకు బాబూ” అంది పోలమ్మ. ఒళ్లో ఉన్న ఫోటో చూసుకుని, “సరే తియ్యి. మా అక్క పక్కన ఎట్టండి” అంటూ గడ్డం పైకెత్తింది. మూడు చుక్కలూ ఎండలో పచ్చగా కనబడ్డాయి. తవిటినాయుడు కళ్లు తుడుచుకుని ఫోటో తీశాడు. మీట మీద వేలు పెట్టి ఆగిపోయాడు. గురువుగారు తొందరపెట్టలేదు. ఆ ఉదయమే వచ్చిన ముసలాయన ఒకడు, ఇంకా పేరైనా అడగలేదు, వసారా చివర సంచి ఒళ్లో పెట్టుకుని తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు.

తవిటినాయుడు మీట నొక్కాడు. లోపల పలక టప్పుమని పడింది. వసారాలో అందరికీ వినబడింది. తవిటినాయుడి భుజాలు అదిరాయి.

“దెబ్బ తగిలిందా?” అన్నారు గురువుగారు.

“తగిలిందండి.”

“అయితే వెనకది ముందుకొచ్చింది. ఆ పెద్దాయన్ని కూచోబెట్టు.”