మల్లడు ఆగే గట్టు

జోగారావు మాస్టారు ఏ ప్రశ్నకూ కూచుని జవాబు చెప్పేవారు కాదు. చెప్పులు తొడుక్కుని బయల్దేరేవారు. అడిగినవాడు వెంట నడవాలి.

ఆ రోజు అడిగినవాడు కూర్మారావు. పంతులు ట్రైనింగ్ ముగించి, సోమవారం నుంచి పెద్దవయసు వాళ్ళకు అక్షరాలు నేర్పబోతున్నాడు. సంచిలో మూడు పుస్తకాలున్నాయి.

"మెట్టు మెట్టుగా చెప్పి, సరిగా చేసినప్పుడల్లా మెచ్చుకోమంటుంది ఒకటి. చెయ్యి పెట్టకు, తడుముకుని వాళ్ళే తెలుసుకుంటారంటుంది ఇంకొకటి. తెలిసినవాడి పక్కన కూచోబెట్టమంటుంది మూడోది. దేన్ని పట్టుకోమంటారు మాస్టారూ? నేను తప్పుదారి పడితే వాళ్ళు రెండో వారానికే మానేస్తారు. ఆ వయసులో మానేసినవాళ్ళు మళ్ళీ రారు."

మాస్టారు అతన్ని గవరయ్య పొలానికి తీసుకెళ్ళారు. తొలకరి పడి మూడు రోజులైంది. నేల పదును, దుక్కికి కావలసిన ఆ తడి, ఆరిపోతోంది. గవరయ్య దున్నుతున్నాడు. కాడికి ఒక పక్క పుల్లడనే ఎద్దు, రెండో పక్క ఈ మధ్యే కొన్న కోడె. పడమటి గట్టు దగ్గరకు రాగానే పుల్లడు ఆగిపోయాడు. ఎవరూ ఆపలేదు. పది ఊపిర్లు తీసి, తనంతట తానే కదిలాడు. తర్వాతి చాలులోనూ అంతే.

"నీ ఎద్దు దండం పెట్టుకుంటోందేటి గవరయ్యా?" పక్కచేను రైతు కేకేశాడు.

"నీ వంతుది కూడా ఆడే పెడుతున్నాడు, వెళ్ళు!"

తర్వాత గవరయ్య కూర్మారావు వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. పుల్లడికి దుక్కి నేర్పింది తను కాదు, మల్లడనే ముసలి ఎద్దు. రెండేళ్ళు వాడి పక్కనే కట్టాడు. చివరి రోజుల్లో మల్లడికి ఆయాసం వచ్చి ఆ గట్టు దగ్గర ఆగేవాడు. మొన్న మాఘంలో పోయాడు.

కూర్మారావుకు మొదటి పుస్తకం గుర్తొచ్చింది. "ఆగకుండా తిరిగినప్పుడల్లా బెల్లం ముక్క పెట్టు. ఆగితే చిన్నగా పొడువు. రెండు రోజుల్లో మరిచిపోతాడు," అన్నాడు.

"అది నాకు తెలీదేటి బాబూ?" గవరయ్య ములుకర్ర అతని చేతిలో పెట్టాడు. "ఆడు మరిచిపోతే మల్లడు నాకు రెండోసారి పోతాడు. అలాగని ఊరుకుంటే పదును రేపటికుండదు. నాకు చెయ్యి రావట్లేదు. నువ్వే పొడువు."

కూర్మారావు నాగలి వెంట నడిచాడు. గట్టు దగ్గర పుల్లడు ఆగాడు. అతను కర్ర ఎత్తాడు. అప్పుడు కోడె కంటబడింది. అదీ తల దించి, కాళ్ళు సడలించి, నెమ్మదిగా ఊపిరి తీస్తోంది. మల్లడు పోయాకనే అది ఆ ఇంటికొచ్చింది. నాగలి మేడి మీద చెయ్యేసి గవరయ్య కళ్ళు మూసుకున్నాడు. అక్కడ లేని ఇంకో ఊపిరి కోసం చెవి ఒగ్గినట్టున్నాడు.

కూర్మారావు పది లెక్కపెట్టాడు. కర్ర కిందికి దించాడు.

పొద్దు వాలేసరికి అర ఎకరం దున్నకుండా మిగిలిపోయింది. తెల్లారితే అది గట్టిపడుతుందని ముగ్గురికీ తెలుసు. గవరయ్య ఆ వైపు చూడకుండానే కాడి విప్పాడు.

తిరుగుదారిలో కూర్మారావు సంచిలోని పుస్తకాలు తడిమి చూసుకున్నాడు. "అయితే మూడో పుస్తకమేనా మాస్టారూ?" అన్నాడు.

"ఏదైనా పట్టుకో నాయనా, మూడూ పనికొస్తాయి," అన్నారు మాస్టారు. "వాళ్ళ కాడికి రెండో పక్క ఉండేది మాత్రం నువ్వే."