తవ్వెడు ఉప్పు

అనగనగా సముద్రం ఒడ్డున గవ్వలపేట అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో కొర్లమ్మ అని ఒకావిడ. ఆవిడ ఊరబెట్టిన ఉప్పుచేప పక్కన పెట్టుకుంటే గంజన్నం ఎంత తిన్నామో లెక్క తెలిసేది కాదట. ఊఁ కొడుతున్నావా చిన్నీ? ఊఁ కొడుతూ విను.

కొర్లమ్మకి ఒక్కడే కొడుకు, ఎల్లాజీ. వాడికి పెళ్ళి చేసి, సింహాలు అనే పిల్లని కోడలిగా తెచ్చుకుంది. సింహాలు పుట్టిల్లు ఎక్కడో లోపల, చెరువుల్లో చేపలు పట్టుకునే ఊరు. సముద్రం చేపని ఉప్పులో ఊరబెట్టడం ఆ పిల్లకి కొత్త. అయినా చెప్పింది చెప్పినట్టు చేసేది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

వానాకాలం వస్తే సముద్రం లోపలికి రానివ్వదు. పడవలన్నీ ఒడ్డెక్కేస్తాయి. అప్పుడు ఇంట్లో ఉన్న ఉప్పుచేపే కూర. అందుకని ఎండలుండగానే కుండలు నింపి పెట్టుకోవాలి.

ఆ ఏడు మొదటి కుండ కోడలి చేత పెట్టించింది కొర్లమ్మ. "గంపెడు చేపకి నాలుగు తవ్వల ఉప్పు. మా అత్త కాలం నుంచీ ఇదే కొలత" అంది. తవ్వ అంటే మనం బియ్యం కొలుస్తామే, ఆ ఇత్తడి పాత్ర. సింహాలు నాలుగు తవ్వలు కొలిచింది. ఒక వరస చేప, ఒక వరస ఉప్పు పేర్చింది. నాలుగో రోజున మూత తీస్తే గుప్పున కంపు. చేప మెత్తగా చితికిపోయింది.

అప్పుడు రెండో కుండ పెట్టింది. అదీ పాడైంది. ఆ తర్వాత మూడోది. అదీ అంతే. మూడు గంపల చేపని తీసుకెళ్ళి ఇసకలో గొయ్యి తీసి పూడ్చారు.

పక్కింటి పైడమ్మ వచ్చి చూసింది. "కొందరి చెయ్యి అచ్చిరాదప్పా. నీ కోడల్ని ఉప్పు కుండల దగ్గరికి రానీకు" అంది.

మర్నాడు పొద్దున కొర్లమ్మ కోడలితో, "నువ్వు నీళ్ళు మొయ్యి, కట్టెలు తే. చేప ముట్టుకోకు" అంది.

సింహాలు సరేనంది. నూతి దగ్గర బిందె దించి, రెండు చేతులూ ఇటూ అటూ తిప్పి చూసుకుంది. రోజూ చూసుకునే చేతులే. అయినా లోపల ఒక భయం పట్టుకుంది. నిజమేనేమో అనుకుంది. అప్పటినుంచి అన్నం కుండ మూత తీసినా, ముందు వాసన చూసి గానీ వడ్డించేది కాదు.

అలా కొన్నాళ్ళు గడిచాయి. వలలో చేప అంతంతమాత్రంగానే పడడంతో కొర్లమ్మ కూడా కొత్త కుండ పెట్టలేదు. ఒక రోజు అత్త దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"అత్తా, నా చెయ్యే అయితే, అదేనని తెలియాలి కదా. రెండు చిన్న కుండలు పెడదాం. ఒకటి నువ్వు పెట్టు, ఒకటి నేను పెడతాను. చేతులు తప్ప మిగతాదంతా ఒక్కలాగే ఉండాలి."

"ఒక్కలాగే అంటే ఏటే?"

"ఒకే వలలో పడ్డ చేప, కుండకి ముప్పై, అంటే పావు గంప. ఒకే ఉప్పు, కుండకి ఒక తవ్వ. తవ్వ నిండాక పైన పుల్లతో గీసి చదును చెయ్యాలి. నువ్వు గోపురంలా పోసి, నేను వెలితిగా పోస్తే, ఏది దేనివల్ల పాడైందో మనకి తెలీదు."

కొర్లమ్మకి కోపం వచ్చింది. ఇన్నేళ్ళ నా చేతికి పరీక్షా అనుకుంది. కానీ వానలు దగ్గర పడుతున్నాయి. కుండలు చూస్తే ఖాళీ. "సరే కానీ" అంది.

నాలుగు రోజులయ్యాక రెండు మూతలూ తీశారు. కొర్లమ్మ కుండ కుళ్ళిపోయింది. సింహాలు కుండా వాసనేస్తోంది గానీ, చేప ఇంకా అంతగా చితకలేదు. కొర్లమ్మ మొహం వాడిపోయింది.

సింహాలు అదే పట్టుకుని గెలిచానని ఊరంతా చెప్పుకోవచ్చు. కానీ చెప్పుకోలేదు. వంగి ఆ కుండని తడిమింది, దాని వెనకున్న గోడని తడిమింది.

"అత్తా, నీ కుండ పొయ్యి గోడకి ఆనుకుని ఉంది. గోడ వేడి తగిలింది. నా కుండ చల్లగా నీడలో ఉంది. ఇది సరైన పందెం కాదు. మళ్ళీ పెడదాం."

ఆ మధ్యాహ్నం కొర్లమ్మ తనే కంచం పెట్టి, కోడలికి ముందు వడ్డించింది.

రెండోసారి రెండు కుండలూ నీడలో, ఒకే చాప మీద, పక్కపక్కనే పెట్టారు. నాలుగో రోజున తీస్తే రెండింట్లోనూ ఒకటే కంపు, ఒకటే మెత్తదనం.

"అంటే చెయ్యి కాదన్నమాట" అంది కొర్లమ్మ నెమ్మదిగా.

సింహాలు అక్కడే కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొర్లమ్మ కదలకుండా పక్కనే కూర్చుంది.

ఆ తర్వాత సింహాలు కళ్ళు తుడుచుకుని అడిగింది. "అత్తా, నేను రావడం కాకుండా, ఈ ఏడు ఇంట్లో ఇంకా ఏం మారింది?"

కొర్లమ్మ ఆలోచించింది. "కుండలు కొత్తవి, మొన్న సంతలో కొన్నాం. ఉప్పూ కొత్తదే. మనం తెచ్చుకునే ఉప్పుమడులు తుపాన్లో మునిగిపోయాయి కదా, ఈసారి వేరే చోటునించి వచ్చింది."

"అయితే రెండూ ఒకేసారి మార్చొద్దు. ముందు కుండ చూద్దాం."

అటకమీదున్న పాత కుండ ఒకటి, కొత్త కుండ ఒకటి పెట్టారు. ఉప్పు రెండింట్లోనూ కొత్తదే. రెండూ పాడయ్యాయి. అంటే కుండది తప్పు కాదు.

అప్పుడు ఉప్పు వంతు వచ్చింది. జాడీ అడుగున పాత ఉప్పు రెండు తవ్వలకి పైగా మిగిలి ఉంది. ఒక కుండలో తవ్వెడు పాత ఉప్పు, ఇంకో కుండలో తవ్వెడు కొత్త ఉప్పు వేశారు. నాలుగో రోజున మూతలు తీసేటప్పుడు ఎల్లాజీ కూడా వల పక్కన పడేసి వచ్చి కూర్చున్నాడు. పాత ఉప్పు చేప గట్టిగా నిగనిగలాడుతోంది. కొత్త ఉప్పు చేప కుళ్ళిపోయింది.

పైడమ్మ వచ్చి, "ఆ ఉప్పులో ఏదో ఉందప్పా, సముద్రంలో పారబొయ్యండి" అంది.

సింహాలు అది కొంచెం, ఇది కొంచెం నాలిక మీద వేసుకుంది. రెండూ ఒకటే ఉప్పన. అప్పుడు చేపలు తూచే తక్కెడ తెచ్చింది. ఒక తట్టలో తవ్వెడు పాత ఉప్పు, రెండో తట్టలో తవ్వెడు కొత్త ఉప్పు పోసి ఎత్తింది. పాత ఉప్పు తట్ట కిందికి దిగిపోయింది.

పాత ఉప్పు రవ్వలా సన్నంగా ఉంది. కొత్తది శనగగింజంత రాళ్ళు. సింహాలు ఆ తవ్వెడు రాళ్ళనీ రోట్లో పోసి, గింజ కూడా బయట పడకుండా చుట్టూ గుడ్డ పరిచి, సన్నగా దంచింది. మళ్ళీ తవ్వలోకి ఎత్తి తట్టితే, ఉప్పు అంచుకి రెండు వేళ్ళ కిందే ఆగిపోయింది.

"మిగతాది ఏమైపోయిందే?" అంది కొర్లమ్మ.

"ఎక్కడికీ పోలేదత్తా. అక్కడ ఉన్నవి సందులు. రాళ్ళ మధ్య ఖాళీ ఉంది. ఇన్నాళ్ళూ తవ్వ నిండింది గానీ, ఉప్పు నిండలేదు."

కొర్లమ్మ తవ్వలోకి తొంగి చూసి నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది. "మా అత్త చెప్పింది తవ్వ లెక్క. ఏ ఉప్పో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు" అంది. ఆ తర్వాత పైడమ్మ వైపు తిరిగి, "నా కోడలి చేతికి ఏ తప్పూ లేదు. చేప ముట్టుకోవద్దని నేనే తప్పు మాట అన్నాను" అంది. పైడమ్మ మూతి ముడుచుకుంటూనే, "అయితే మా ఇంటి ఉప్పు కూడా తూచి పెట్టమ్మా" అంది.

జాడీలో మిగిలిన పాత ఉప్పు తవ్వ నిండా చదునుగా కొలిచి తట్టలో పోశారు. దానికి సరిపడే రాయి కోసం ఎల్లాజీ ఒడ్డంతా వెతికాడు. మొదటి రాయి బరువెక్కువ. రెండోది తక్కువ. మూడోది పెడితే ముల్లు నిటారుగా నిలబడింది. ఇక తవ్వతో పని లేకుండా, గంపెడు చేపకి ఆ రాయితో నాలుగుసార్లు తూచి ఉప్పు వేశారు. వానలు మొదలయ్యేలోపు కుండలన్నీ నిండాయి.

ఆ వానాకాలం ఇంట్లో చేపకి లోటు లేదు. బయట వాన కురుస్తుంటే అత్తా కోడలూ గంజన్నంలో ఉప్పుచేప నంజుకుని తింటున్నారు.

"వచ్చే ఏడు రొయ్య ఊరబెడితే ఎంత ఉప్పు పడుతుందో నాకు తెలీదే" అంది కొర్లమ్మ.

"నాకూ తెలీదత్తా. మూడు చిన్న కుండలు పెట్టి చూద్దామా?"

"చూద్దాం. ఈసారి పొయ్యి పక్కన పెట్టనులే" అంది కొర్లమ్మ, కోడలి కంచంలో ఇంకో ముక్క వేస్తూ.

కథేమో కంచి దారి పట్టింది,
కడలేమో కెరటాల జోల కట్టింది.
మనమేమో మన ఇల్లు చేరాము,
మా చిన్ని కళ్ళకి కునుకు పట్టింది.