మనవాడి ఊళ

ఏనుగు భద్రాచలం గారి వేరుశనగ గిడ్డంగి ఆ అడవికల్లా పెద్ద కంపెనీ. కాపలావాళ్లు, వాళ్ల మీద సూపర్‌వైజర్లు, అందరి మీదా మేనేజరు కోటిలింగం. అందరూ నక్కలే. పనికోసం ఎవరొచ్చినా కోటిలింగం ముఖం చూడడు, ముందు తోక చూస్తాడు. కుచ్చుతోక కనబడితే చాలు, "మనవాడే, రానీండి" అంటాడు. ఇంత కాపలా ఉన్నా కాయల గుట్ట మాత్రం రోజురోజుకీ తరిగిపోతోంది.

భద్రాచలం గారికి ఒళ్లు మండింది. "ఇకమీదట కాపలాకి అన్ని జాతులవాళ్లనీ తీసుకో కోటిలింగం. అందరికీ సమాన అవకాశం ఉండాలి. త్వరలో వచ్చి నేనే చూస్తా" అన్నారు.

"చిత్తం దొరా! నా మనసులో మాట మీరనేశారు" అన్నాడు కోటిలింగం. సాయంత్రానికల్లా గేటుకి బోర్డు వేలాడింది: అందరికీ సమాన అవకాశం.

ఆ బోర్డు చూసి సింగారి అనే తీతువు పిట్ట రెక్కలు కట్టుకుని వాలింది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వాగు ఎండిపోయింది. గిడ్డంగి ఆవరణలో నీళ్ల గుంట ఉందిగానీ, అది అక్కడ పనిచేసేవాళ్ల పిల్లలకే. దాహంతో నోళ్లు తెరుచుకుని కూర్చున్న తన పిల్లల్ని చూస్తే సింగారికి ఏడుపొచ్చేది. ఎలాగైనా ఈ ఉద్యోగం రావాలి.

"పరీక్ష ఒక్కటే. ఊళ పెట్టాలి" అన్నాడు కోటిలింగం.

పనికోసం వచ్చిన ముంగిస కిచకిచమంది. తాబేలు నోరు తెరిచింది, గాలి తప్ప ఇంకేం రాలేదు. సింగారి వంతు వచ్చింది.

"తీ తీ తీ!"

నక్కలన్నీ చెవులు మూసుకున్నాయి.

"అమ్మో, అపశకునం గొంతు! పో పో" అన్నాడు కోటిలింగం.

"అయ్యా, దొంగ కనబడితే కేకెయ్యాలిగానీ కచేరీ చెయ్యాలా? నా కేకకి చిరుతపులే ఆగిపోద్ది."

"అందరికీ ఒకటే పరీక్ష పిట్టా. నక్కకొకటి, నీకొకటి పెడితే అది సమానం ఎట్టా అవుద్ది?"

సింగారి తల వేలాడేసుకుని వెనక్కి తిరిగింది. అంతలో కోటిలింగానికి దొర గుర్తొచ్చారు. చూపించడానికి ఒక్కరైనా ఉండాలిగా!

"ఆగాగు. ఆ బోర్డు పక్కన నిలబడు. దొరగారొస్తే వంగి దణ్ణం పెట్టు. నోరు విప్పావో, నీ పిల్లలకి నీళ్లు బంద్."

సింగారికి అవమానంగానే ఉంది. అయినా పిల్లలకోసం సరేనంది.

గేటు దగ్గర వేరే పనేముంది, చూడటం తప్ప. మధ్యాహ్నం కునుకు వేళ గుట్ట వెనకనుంచి "ఊఁ..." అని ఒక ఊళ లేచింది. ఒక నక్క మొదలుపెడితే మిగతావి ఊరుకోవడం నక్కల్లో మర్యాద కాదు. అన్నీ మెడలెత్తి, కళ్లు మూసుకుని అందుకున్నాయి. ఆ సందట్లో పందికొక్కులు కాయలు దొర్లించుకుపోతున్నాయి! ఆ మొదటి ఊళ పెట్టింది పందికొక్కుల పెద్దే. పగిలిన కుండలో మూతి పెట్టి మరీ కూస్తోంది.

సింగారి పరుగున వెళ్లి మేనేజరు చెవిన వేసింది.

"ఊళ విన్నావా, లేదా? ఊళ పెట్టాడంటే మనవాడే. మనవాళ్లనే అనుమానిస్తావా? నోరు మూసుకుని గేటు దగ్గరుండు" అని కసిరాడు కోటిలింగం.

భద్రాచలం గారు సరిగ్గా కునుకు వేళకే వచ్చారు. "ఏమిటయ్యా, మళ్లీ అన్నీ కుచ్చుతోకలే కనబడుతున్నాయి?"

"పరీక్ష అందరికీ ఒకటే పెట్టాను దొరా. మనవాళ్లే నెగ్గారు. పాపం, ఈ పిట్టని మాత్రం దయతలచి ఉంచాం."

దయ అన్న మాట సింగారికి చురుక్కుమంది. గుంట దగ్గర పిల్లల వంక చూసింది. నోరు విప్పితే నీళ్లు పోతాయి. విప్పకపోతే బోర్డు పక్కన తనూ ఇంకో బోర్డుగా మిగిలిపోతుంది. వంగి దణ్ణం పెట్టి, మెల్లగా అంది:

"దొరా, ఆ పరీక్ష నెగ్గిన పరాయి జాతివాడు ఒకడున్నాడు. మేనేజరు గారికి వాడంటే మహా నమ్మకం. ఇప్పుడే వినబడతాడు చూడండి."

కోటిలింగం పళ్లు నూరాడు. ఏదో అనబోయేలోపే గుట్ట వెనకనుంచి "ఊఁ..." అని లేచింది.

అంతే, కోపం ఎటు పోయిందో! "ఆహా, విన్నారా దొరా? మనవాడే!" అంటూ మేనేజరు కూడా కళ్లు మూసుకుని అందుకున్నాడు.

సింగారి ఎగిరి గుట్ట మీద చక్కర్లు కొట్టింది. "తీ తీ తీ! ఇక్కడ దొరా, ఇక్కడ!" భద్రాచలం గారు అటే నడిచి తొండం చాపారు. కుండలో ఇరుక్కున్న మూతితో పందికొక్కుల పెద్ద గాల్లోకి లేచింది.

నక్కలు కళ్లు తెరిచేసరికి అది కోటిలింగం ముక్కు ముందు వేలాడుతోంది.

"వీడేనా మీవాడు?" అన్నారు దొర. "నీ పరీక్షలో నెగ్గిన పరాయివాడు వీడొక్కడే. నీ కుర్చీ వీడికే ఇచ్చెయ్యమంటావా?"

కోటిలింగం కుచ్చుతోక కాళ్ల మధ్యకి పోయింది.

మర్నాటినుంచి కాపలా పెద్ద సింగారే. ముంగిసకీ తాబేలుకీ పనులు దొరికాయి. నక్కలు కూడా వరసలో నిలబడి మళ్లీ పరీక్షకి రావాల్సొచ్చింది. కోటిలింగం వంతు రాగానే అలవాటుగా మెడెత్తాడు.

"ఊళ వద్దు నక్కయ్యా" అంది సింగారి, నీళ్లలో ఆడుతున్న పిల్లల మీదనుంచి చూపు తిప్పకుండానే. "కళ్లు తెరుచుకుని ఉండగలవా, అది చెప్పు చాలు."

నీతి: అందరూ ఒకే గొంతుతో అరిచే చోట, దొంగ నేర్చుకోవలసింది ఒక్క అరుపే.