తాటిచెట్టు గుర్తు

ఆ రేవుపట్నంలో సూర్యోదయం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారు. వాళ్లకు అడ్డమొస్తోందని నగరపాలకుడు ఒడ్డునున్న ఒంటి తాటిచెట్టును కొట్టించేశాడు. జాలర్లు సముద్రంలోంచి ఆ చెట్టును గుర్తుగా పెట్టుకుని రాళ్ల మధ్య దారి పట్టేవారు. పడవవాడు మసేను కాళ్లావేళ్లా పడినా ఆయన వినలేదు.

నెల తిరక్కుండానే పాలకుడు పరదేశపు అతిథులతో మసేను పడవెక్కి షికారు బయల్దేరాడు. తిరిగొస్తూ రాళ్ల దగ్గర మసేను తెడ్డు ఆపేశాడు.

"ఒడ్డంతా ఒక్కలాగే ఉంది బాబూ. దేన్ని చూసి నడపమంటారు?"

అతిథులు హడలిపోయారు. పాలకుడి ముఖం పాలిపోయింది.

"రేపే అక్కడ ఎత్తైన స్తంభం నిలబెట్టిస్తాను. ముందు ఒడ్డుకు చేర్చు!" అని అందరి ఎదుటా మాటిచ్చాడు.

ఇలా పడవ ఆపి మాట తీసుకోవాలని ముందే తట్టలేదే అని మసేనుకు గుండె కలుక్కుమంది. పడవను సూటిగా ఒడ్డుకు తెచ్చాడు.

పాలకుడికి ఒళ్లు మండింది. "నాతోనే నాటకమా? గుర్తు లేకుండా ఎలా తెచ్చావు?"

నీళ్లలోంచి పొడుచుకొచ్చిన విరిగిన తెరచాపకొయ్యను మసేను చూపించాడు.

"మొన్న అమావాస్యనాడు పట్టపగలే మా తమ్ముడి పడవ అక్కడే బద్దలైంది బాబూ. దాన్ని చూసుకునే తప్పించుకొచ్చాను. పాపం, వాడికి ఆ గుర్తు కూడా లేకపోయింది."