గున్న ముఖం

హైమకు పదకొండు పేజీలు కుదిరాయి. పన్నెండో పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఆ పుస్తకం వహీద్ మాస్టారిది. బందరులో ముప్పై ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి, పిల్లల కోసం తనే కథలు రాసి, తనే బొమ్మలు వేసిన మనిషి. అలా వచ్చిన పుస్తకాలు పధ్నాలుగు. కానీ ఊరంతా ఆయన్ను పిలిచేది ఒక్క పుస్తకం పేరుతోనే. మబ్బు మీదికెక్కి, దిగడం తెలియక, చివరికి అక్కడే నిద్రపోయిన ఏనుగు గున్న కథ అది. మనవల్ని ఎత్తిన ఆడవాళ్లు కూడా బజారులో ఆయన కనబడితే "గున్న మాస్టారూ, బాగున్నారా?" అని ఆగిపోతారు.

అసలు బొమ్మలు ఎప్పటి తుపానులోనో ఉప్పునీళ్ల పాలయ్యాయి. అచ్చు ప్రతి ఒక్కటే మిగిలింది, ఊళ్లో లైబ్రరీలో. దాన్ని చూసి బొమ్మలన్నీ మళ్లీ గీసే పని హైమకు అప్పగించారు. పదేళ్ల వయసులో ఆయన దగ్గరే పెన్సిలు పట్టిన పిల్ల. తర్వాత పెద్ద కాలేజీలో చదివింది. ఆమె గీస్తే వెంట్రుకవాసి తేడా రాదని పేరు. ఆ మాట వింటే ఆమెకూ లోలోపల గర్వమే.

పన్నెండో పేజీలో గున్నకు ముఖం లేదు. మబ్బుంది, తోకుంది, చెవి సగముంది. ముఖం ఉండాల్సిన చోట కాగితం తెల్లగా అరిగిపోయింది.

"ఎవరో పాడుచేశారు మాస్టారూ. ముఖం ఎలా ఉండేదో చెప్పండి. సోమవారం ప్రెస్సుకు పంపాలి."

మాస్టారికి ఎనభై రెండేళ్లు. కళ్లకు పొర కమ్మింది. వరండాలో పడక కుర్చీలో కూర్చుని, సముద్రం వైపు నుంచి వచ్చిన మంచు ఎదురింటి గోడను కొంచెం కొంచెంగా చెరిపేస్తుంటే చూస్తున్నారు.

"గుర్తులేదమ్మా. నువ్వే గీయి."

గీసింది. నవ్వే గున్న, బెంగపడ్డ గున్న, కలలో అమ్మను చూసిన గున్న. నాలుగు రోజుల్లో తొమ్మిది ముఖాలు. మాస్టారు ఒక్కోదాన్ని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా చూసి "బాగుంది" అన్నారు. తొమ్మిదింటికీ అదే మాట.

హైమకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అన్నీ బాగుంటే ఎలా? వీటిలో మీ గున్న ఏది? రేపు మీ పేరు మీద అచ్చవుతుంది. గీత తప్పితే, మాస్టారి బొమ్మను శిష్యురాలే పోగొట్టిందంటారు."

మాస్టారు ఆ కాగితాలు పక్కన పెట్టారు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ మంచులోకి వెళ్లిపోయారు. మనిషి కనబడలేదు.

"ఆ పుస్తకం ఇలా తే."

హైమ చేతులకు తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకుని తెచ్చింది. పాత కాగితాన్ని ఉత్త చేత్తో ముట్టుకోకూడదని కాలేజీలో నేర్పారు.

"అవి తీసెయ్యి."

"చెమట తగిలితే కాగితం..."

"తీసెయ్యి తల్లీ."

తీసింది. మాస్టారు ఆమె వేలు పట్టుకుని ఆ తెల్లటి చోట ఆనించారు. కళ్లు మూసుకుని, ఆ పేజీలోని మాటలు చెప్పారు. ఒకప్పుడు బడి అరుగు మీద పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పినంత మెల్లగా.

"గట్టిగా మాట్లాడకండి. గున్నకు ఇప్పుడే కన్నంటుకుంది. కాస్త జోకొట్టండి."

హైమ వేలు తనంతట తానే కదిలింది. ఒకసారి. ఇంకోసారి. కాగితం చంటిపిల్ల బుగ్గలా ఉంది. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాన్ని తలగడ మీద తెరిచి పెట్టుకుని, పక్కన అమ్మ నిద్రపోయినా తను నిద్రపోకుండా, ఒక ఆరేళ్ల పిల్ల ఇదే చోట ఇలాగే నిమురుతూ పడుకోవడం గుర్తొచ్చింది. ఆ పిల్ల తనే.

మంచు వరండా మెట్లెక్కింది. హైమ వేలు తీయలేదు.

"నేను గీసిన నాడు ఇంత మెత్తగా లేదు," అన్నారు మాస్టారు.