నూకాలు వేసుకున్న దండ

ఊళ్లకు మేలు చేసే వర్తకులకు పన్ను మాఫీ అని రాజుగారు చాటింపు వేయించారు. వర్తకుడు కుబేరయ్య వెంటనే కొండపాలెంలో బావి తవ్వించి, గట్టు మీద తన పేరు చెక్కించుకున్నాడు. ఖజానాకు తగ్గిన పన్ను మాత్రం ఆ ఊరివాళ్ల నెత్తిన పడింది.

బావి చూడటానికి రాజుగారే వచ్చారు. కుబేరయ్యకు వేయమని బుట్టలల్లే నూకాలు చేతికి దండ ఇచ్చారు. అసలే ఒళ్లు మండి ఉన్న నూకాలు దాన్ని తన మెడలోనే వేసుకుంది.

"ఎంత పొగరే నీకు!" అని కుబేరయ్య అరిచాడు.

"మహారాజా, బావికి పెట్టిన సొమ్మంతా మాఫీలో ఈయనకు తిరిగొచ్చేసింది. ఆ సొమ్మే మా దగ్గర వసూలు చేశారు. మరి బావి తవ్వించింది ఎవరండీ?" అంది నూకాలు.

రాజుగారు మాఫీని ఊరివాళ్లకు మార్చి, ఆ పన్ను కుబేరయ్యనే కట్టమన్నారు.

నూకాలు దండ తీసి కుబేరయ్య మెడలో వేసింది.

"ఇప్పుడు తవ్వించారు బాబయ్యా, బావి!"