తట్టమాత గుడి రాతికప్పు

గుట్టలపాడు విచారణ, అంటే కతోలిక చర్చి పరిధిలోని తట్టమాత గుడి కప్పుకు దూలం ఒక్కటి కూడా లేదు. గోడ నుంచి గోడకు కమానులా వంగినదంతా రాయే. ఇది ఎలా నిలిచిందని యాత్రికులు తల పైకెత్తి అడగడం మామూలే. ఆ కప్పుకూ, మాత పేరుకూ మూలం ఇదని పెద్దలు చెబుతారు.

పూర్వం ఇక్కడికి ఇటలీ నుంచి వచ్చిన క్రైస్తవ గురువు ఒకరు తమ దేశపు పాత గుళ్ళ వంటి రాతికప్పు కావాలన్నారు. బాలశౌరి అనే రాతిపనివాడు ఒప్పుకున్నాడు. నేలలో మేకు దిగగొట్టి, దానికి తాడు కట్టి అర్ధవృత్తం గీశాడు. ప్రతి రాయి అతుకూ ఆ మేకు వైపే చూసేలా చెక్కాడు. అలా చెక్కిన రాళ్ళు ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలుస్తాయి. అయితే నడినెత్తిన చివరి రాయి బిగిసేదాకా కింద ఊత ఉండాలి. ఆ మెట్టనేలలో అంత కలప ఎక్కడిది? ఊరివాళ్ళు తట్టలతో మన్ను మోసి గుడిని నింపారు. ఆ కుప్ప మీదే శౌరి కప్పు పేర్చాడు.

తీరా మన్ను తీయమంటే అతను వెనకాడాడు. అంతకుముందు అతను కట్టిన కమాను ఒకటి కూలిపోయి, దాని కింద అతని అన్న ఇన్నాసి చనిపోయాడు. శౌరి సున్నం ఆరలేదన్నాడు, ముసురన్నాడు. చివరికి మాత కలలోకి వచ్చి చెప్పేదాకా ముట్టుకోనన్నాడు. ఏడాది పాటు పూజలు ఎండలోనే జరిగాయి.

ఒక పొద్దున ఇన్నాసి భార్య తెరేజమ్మ పార, తట్ట తీసుకుని వచ్చింది.

"నీ కలలోకి వచ్చేదానికి ఆ తల్లికి వేరే పనుల్యా? నేనొచ్చినా కదా" అంటూ గుమ్మంలో దూరి ఎడమ గోడ పక్కన మన్ను తవ్వసాగింది.

శౌరి వెనకే గుమ్మం దాకా వచ్చి అరిచాడు. "వదినా! ఒక్క పక్కే తవ్వితే కూలుతాది!"

"అయితే రెండో పక్క నువ్వు తవ్వు."

భయం పోలేదు. అయినా వదినను ఒంటరిగా వదలలేక లోపలికి పరుగెత్తాడు. ఆమె ఒక తట్ట తీస్తే తానొక తట్ట తీశాడు. ఊరు కూడా వచ్చి చేయి వేసింది. మూడోనాటికి మన్ను కప్పును వదిలింది. రాళ్ళు ఒక్కసారి కిర్రుమని సర్దుకున్నాయి, అంతే. శౌరి అన్నను తలుచుకుని అక్కడే కూలబడి ఏడ్చాడు.

"లెయ్యి శౌరీ, ఇంకా శానా మన్నుంది" అంది తెరేజమ్మ.

కలలోకి రాని మాతే తెరేజమ్మ చేత తట్ట పట్టించిందని ఊరు మాతను తట్టమాత అనసాగింది. నేటికీ తిరునాళ్ళ ముందురోజు గుడిలో మన్ను పోసి, రెండు వరుసలుగా బయటికి మోస్తారు. ఇల్లు కట్టుకునేవారు ఆ మన్ను పిడికెడు పునాదిలో వేసుకుంటే కప్పు కింద ఎవరికీ ఆపద రాదని నమ్మకం. ఇతర శుభకార్యాలలో వెనక్కి నిలబెట్టే వితంతువులే ఇక్కడ తొలి తట్ట ఎత్తుతారు. వారు గడప దాటేదాకా విచారణ గురువు సైతం పార ముట్టరు.